దానం కోసం వంటింటి కత్తి: ఇనుప ముక్క నుంచి వేలం దాకా

నేను చేసిన మొదటి కత్తిని మా పెద్దమ్మ కొనుక్కుంది. ఊరి బడికి బెంచీలు చేయించడానికి డబ్బు పోగేస్తున్నామని చెబితే, బేరం ఆడకుండా రెండు వేలు చేతిలో పెట్టింది. ఆరు నెలల తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ కత్తి ఎలా ఉందో చూద్దామని వంటింట్లోకి తొంగి చూశాను. కనబడలేదు. అడిగితే "ఉందిరా, జాగ్రత్తగా పెట్టాను" అంది. జాగ్రత్తగా అంటే అటక మీద, పాత ఇడ్లీ కుక్కరు పక్కన. పిడికీ ఉక్కుకీ మధ్య గోరు దూరేంత సందు. బ్లేడు మీద బెల్లం రంగు తుప్పు. పెద్దమ్మ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు.

దానం కోసం చేసి వేలం వేసే వస్తువుతో చిక్కు ఇదే. దానమిచ్చిన గొడ్డుకు పళ్ళు పట్టి చూడకూడదంటారు. ఇక్కడ డబ్బిచ్చింది వాళ్ళే, అయినా పళ్ళు లెక్కపెట్టరు. బజారు కత్తి బాగాలేకపోతే షాపుకి వెళ్ళి నిలదీస్తారు, మీ కత్తినైతే అటక ఎక్కిస్తారు. మరుసటి ఏడాది మీరు మళ్ళీ వేలం పెడితే "పోయినసారి తీసుకున్నాం కదా" అని మర్యాదగా తప్పుకుంటారు. అందుకే నేను ఇక్కడ చెప్పేదంతా వంటింట్లో రోజూ చేతికందే చోట ఉండే కత్తి గురించి. గోడకి తగిలించుకునే అలంకారపు బాకుల జోలికి పోవద్దు.

ముందు డబ్బు ఎక్కడికి వెళ్తుందో తేల్చండి

ఉక్కు కొనకముందే ఇది అయిపోవాలి. ఒకే అవసరం ఎంచుకోండి, దానికి అంకె ఉండాలి. "పేద పిల్లల కోసం" అంటే ఎవరికీ ఏమీ కనబడదు. "ఫలానా బడిలో రెండు తరగతులకి పన్నెండు బెంచీలు, వడ్రంగి చెప్పిన ధర ఇంత" అంటే అందరికీ అర్థమవుతుంది. సంస్థ పేరు వాడుకునేముందు వాళ్ళ అనుమతి కాగితం మీదో మెయిల్లోనో తీసుకోండి. డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్ళాలి. మీ యూపీఐకి వచ్చి అక్కడినుంచి వెళ్ళే ఏర్పాటు ఎంత నిజాయితీగా నడిపినా, ఎప్పుడో ఒకరు ఒక ప్రశ్న అడుగుతారు. అప్పుడు మీ దగ్గర స్క్రీన్‌షాట్లు తప్ప ఏమీ ఉండవు.

మొదటిసారికి ఆరు కత్తులు చాలు. పవర్ టూల్స్ పెద్దగా లేకుండా చేస్తే ఒక్కో కత్తికి నాకు 15 గంటలు పడుతుంది. ఆదివారాలు మాత్రమే దొరికే ఉద్యోగస్తులకి ఆరంటే మూడు నెలల పని. ఇరవై చేస్తానని ప్రకటించి ఏడు ఇచ్చినవాళ్ళని చూశాను, ఆ టెన్షన్ మీకొద్దు. ఉక్కు, చెక్క ఖర్చు మీరే పెట్టుకుంటారా, వచ్చిన డబ్బులోంచి మినహాయిస్తారా అన్నది కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. మినహాయిస్తే తప్పేమీ లేదు, వేలానికి ముందు చెప్పకపోతే తప్పు.

కొలతలు

బ్లేడు పొడవు 6 అంగుళాలు, అంటే 150 మిల్లీమీటర్లు. పిడి దగ్గర ఎత్తు 45 మి.మీ. మొద్దు వైపు మందం 2 మి.మీ. పిడి 12 సెంటీమీటర్లు. ఉక్కు ముక్క పిడి చివరిదాకా ఒకటిగా వెళ్ళాలి, రెండు వైపులా చెక్కలు బిగించాలి. సన్నటి తోకని చెక్కలోకి దూర్చే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ మొదటి కత్తులకి వద్దు.

ఈ కొలతల వెనక చట్టం సంగతి కూడా ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల కిందకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవాటికి మినహాయింపు ఉంది. వంటింటి కత్తికి ఎలాగూ మినహాయింపు ఉన్నా, కొలతల్లో కూడా లోపలే ఉంటే ఎవరికీ వివరణ ఇచ్చుకోనక్కర్లేదు.

గీసిన బొమ్మని అట్టముక్క మీద కత్తిరించి, రెండు అట్టలు అంటించి, వంటింట్లో కటింగ్ బోర్డు మీద ఉల్లిపాయ తరిగినట్టు ఆడించి చూడండి. పిడి పట్టుకున్న వేళ్ళ కణుపులు బోర్డుకి తగులుతున్నాయా? తగిలితే బ్లేడు ఎత్తు చాలలేదన్నమాట, లేదా పిడి కిందకి దిగిందన్నమాట. ఈ అట్ట కత్తిని ఇంట్లో ఇద్దరు ముగ్గురి చేతికివ్వండి. నా చేతికి సరిపోయిన పిడి మా ఆవిడ చేతిలో రోకలిబండలా ఉందని అలాగే తెలిసింది.

ఉక్కు

నిజామాబాద్ జిల్లా కొనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్ళేది. ఇంగ్లీషులో ఆ ఉక్కుని పిలిచే 'వూట్జ్' అనే మాట మన దక్షిణాది 'ఉక్కు' నుంచే వచ్చిందని చెబుతారు. ఆ గొప్ప మనదే, కాదనను. అలాగని తుక్కు దుకాణంలో కనబడ్డ ఇనుప ముక్కనల్లా తెచ్చుకోకూడదు. కట్టడాల్లో వాడే మెత్తటి ఇనుము ఎంత కాల్చినా గట్టిపడదు, అందులో కార్బన్ చాలదు. కత్తికి 0.6 నుంచి 1 శాతం దాకా కార్బన్ కావాలి.

కొత్త పట్టీ కొనగలిగితే 1084 అనే రకం ఉక్కు అడగండి. అందులో కార్బన్ సుమారు 0.84 శాతం, ఇంట్లో చేసేవాళ్ళ చిన్న చిన్న తప్పుల్ని బాగా ఓర్చుకుంటుంది. లారీ కమాను కట్టలు కూడా మంచి ఉక్కే, కానీ మందం ఎక్కువ. దాన్ని 2 మి.మీ.కి తేవాలంటే కొలిమిలో సాగగొట్టాల్సిందే. నాకు బాగా నచ్చింది సామిల్లులో పారేసిన బ్యాండ్ సా రంపం. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, కూరగాయల కత్తికి చక్కగా సరిపోతుంది. కానీ పాత ముక్కల్లో కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి. పైగా అది ఏ ఉక్కో ఎవరూ చెప్పలేరు. కాబట్టి అసలు కత్తికి ముందు ఒక చిన్న ముక్కని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, బిగించి పట్టుకునే వైస్‌లో పెట్టి విరవండి. గాజులా పుటుక్కున విరిగి, లోపల సన్నటి బూడిదరంగు రేణువులు కనబడితే పనికొస్తుంది. వంగితే పక్కన పడేయండి.

స్టెయిన్‌లెస్ వైపు మనసు లాగుతుంది, తుప్పు పట్టదు కదా అని. దానికి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిని నిలకడగా ఉంచే ఫర్నేస్ కావాలి. ఇంటి దగ్గర కుదరదు.

జింక్ పూత ఉన్న ఇనుముని ఎప్పుడూ కాల్చకండి. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.

కోత, రంధ్రాలు, ఆకురాయి

పాత రంపమైతే ముందు మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి, ఊక బూడిద నింపిన డబ్బాలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. ఊక బూడిద వేడిని అంత త్వరగా పోనివ్వదు, ఉక్కు మెల్లగా చల్లారి ఆకురాయికి లొంగుతుంది. ఇటుక బట్టీల దగ్గరో రైస్ మిల్లు దగ్గరో అడిగితే బస్తాడు ఊరికే ఇస్తారు.

అట్ట బొమ్మని ఉక్కు మీద మార్కరుతో గీసి, యాంగిల్ గ్రైండరుకి 1 మి.మీ. కటింగ్ డిస్క్ వేసి, గీతకి మిల్లీమీటరు బయట కోయండి. డిస్క్ మీద ఉండే కవచం, అదే గార్డు, తీసేసి వాడటం మన దగ్గర ఫ్యాషన్ అయిపోయింది. డిస్క్ పగిలినప్పుడు ఆ ముక్క ఎటు వస్తుందో చూసినవాడెవడూ గార్డు తీయడు. కళ్ళజోడు, మాస్కు, నూలు బట్టలు. తిరిగే మెషిన్ల దగ్గర గ్లౌజులు వద్దు, గుడ్డని పట్టుకుంటే వేలు కూడా దాని వెంట వెళ్తుంది.

పిడి చెక్కల్ని పట్టి ఉంచే పిన్నుల కోసం పిడి భాగంలో మూడు రంధ్రాలు ఇప్పుడే వేసేయండి, 5 మి.మీ. ఇత్తడి కడ్డీకి సరిపడా. ఒకసారి గట్టిపడ్డాక మామూలు డ్రిల్ బిట్ ఆ ఉక్కుని గీరను కూడా గీరదు. నేను మొదటిసారి మర్చిపోయి ఒక ఆదివారం, నాలుగు బిట్లు వదులుకున్నాను.

తర్వాత వాలు తీయడం. పదును రావాల్సిన అంచు మీద మార్కరు పూసి, ఉక్కు ఎంత మందమో అంత డ్రిల్ బిట్‌ని పక్కన పడుకోబెట్టి దాని మొనతో గీస్తే సరిగ్గా మధ్య గీత పడుతుంది. రెండు వైపులనుంచీ ఆ గీత దాకా అరగదీయాలి. ఆకురాయి ముందుకి తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. పళ్ళలో ఇనుప రజను ఇరుక్కోకుండా బడి సుద్దముక్క రుద్దితే చాలు. ఇది విసుగు పుట్టించే పని, మూడు నాలుగు గంటలు పడుతుంది. ఎఫ్ఎం పెట్టుకోండి. అంచుని పూర్తిగా పలచన చేయకండి, 0.7 మి.మీ. మిగలాలి. అంతకంటే సన్నమైతే నూనెలో ముంచినప్పుడు అప్పడంలా వంకర తిరుగుతుంది.

కొలిమి దగ్గర

కత్తి బతుకంతా ఈ పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. రెండు ఫైర్ బ్రిక్స్, ఒక గ్యాస్ టార్చ్‌తో ఇంటి వెనక కూడా చేయొచ్చు. నా మాట వింటే మాత్రం ఊరి కమ్మరి దగ్గరికి వెళ్ళండి. ఆయనకి కూలి ఇవ్వండి, దానం పని అని చెప్పి ఊరికే చేయించుకోవద్దు. మీకు జీతం వస్తుంది, ఆయనకి ఆ కొలిమే జీతం.

సాయంత్రం వెళ్ళండి, ఎండలో ఉక్కు రంగు తెలియదు. ముందు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి చల్లార్చాలి. దీంతో లోపలి రేణువులు సన్నబడతాయి, కోతలో వచ్చిన ఒత్తిళ్ళు పోతాయి. తర్వాత అసలు వేడి. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. 1084కి కావాల్సింది 815 డిగ్రీలు, అంటే అయస్కాంతం వదిలేశాక ఇంకొక్క ఛాయ ఎక్కువ. నేను కడ్డీకి కట్టిన అయస్కాంతంతో మాటిమాటికీ తాకించి చూస్తుంటే కమ్మరి పెద్దాయన నవ్వాడు. "సారూ, గది మీకు. మాకు కన్నే. రేగుపండు రంగు దాటాలె, మోదుగుపువ్వు రంగు రాకముందే తియ్యాలె." నేను పుస్తకాల్లో చదివి గుర్తుపెట్టుకున్న అంకెలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

బ్లేడు మొత్తం ఒకే రంగులో ఉండాలి. మొన సన్నం కాబట్టి త్వరగా కాలిపోతుంది, దాన్ని మంట అంచున ఉంచి లావు భాగాన్ని నడిమికి తోయండి. నూనె విషయంలో గొప్పలేమీ అక్కర్లేదు. పల్లీ నూనో పొద్దుతిరుగుడు నూనో నాలుగైదు లీటర్లు లోతైన ఇనుప డబ్బాలో పోసి, 50 డిగ్రీలకి, వేలు పెడితే చురుక్కుమనేంతగా వేడిచేసి ఉంచండి. చల్లటి నూనె కంటే గోరువెచ్చటిది పలచగా ఉండి వేడిని త్వరగా లాగేస్తుంది. ప్లాస్టిక్ బకెట్ పొరపాటున కూడా వద్దు. డబ్బా మూత పక్కనే ఉండాలి, మంట లేస్తే మూత వేయడమే మందు. నీళ్ళు పోశారంటే మంట మీ మీదకి వస్తుంది.

తీసిన క్షణం నుంచి నూనెలోకి వెళ్ళేదాకా ఒకటి రెండు సెకన్లే టైము. నిలువుగా దించండి. పైకీ కిందకీ ఆడించవచ్చు, పక్కలకి ఊపితే వంకర ఖాయం. పది సెకన్ల తర్వాత పైకి తీసి వంకర ఉందేమో చూడండి. ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్న ఆ ఒక్క నిమిషంలోనే, మందపాటి గ్లౌజులతో రెండు చెక్కల మధ్య నొక్కి సరిచేయగలరు. ఆ నిమిషం దాటితే విరుగుతుంది.

చల్లారాక ఆకురాయి రుద్దితే గాజు మీద జారినట్టు జారాలి. జారకుండా పట్టుకుంటే వేడి చాలలేదు, మళ్ళీ చేయాలి.

అదే రాత్రి ఓవెన్లో

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కత్తి ఆకారంలో ఉన్న గాజు. నా మూడో కత్తికి ఇంతదాకా బాగా వచ్చింది, అలసిపోయి "టెంపరింగ్ (పెళుసుదనం పోవడానికి మళ్ళీ కొద్దిగా వేడిచేయడం) రేపు చేద్దాంలే" అని బల్ల మీద పెట్టి పడుకున్నాను. పొద్దున్న మా పాప బంతి తగిలి కింద పడింది. గచ్చు మీద టంగుమని రెండు ముక్కలు. పాప బిక్కమొహం వేసింది, తప్పు నాది.

కాబట్టి అదే రాత్రి. నూనె సబ్బుతో బాగా కడిగేయండి, లేకపోతే ఓవెన్లోంచి వారం దాకా బజ్జీల బండి వాసన వస్తుంది. ఓటీజీలో, అంటే వంటింటి కరెంటు ఓవెన్లో, 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయట చల్లార్చి మళ్ళీ రెండు గంటలు. ఓటీజీ మీద ఉన్న అంకెల్ని నమ్మకండి, ఇరవై ముప్పై డిగ్రీలు అటూ ఇటూ ఉంటాయి. చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనండి. ట్రేలో ఇసుక పోసి అందులో బ్లేడు పెడితే వేడి నిలకడగా ఉంటుంది. బయటికి తీశాక, ఇందాక ఆకురాయి రుద్దిన చోట ఎండుగడ్డి రంగు కనబడితే సరిగ్గా వచ్చినట్టు. నీలం వచ్చిందంటే వేడి ఎక్కువైంది, ఉక్కు మెత్తబడింది. మళ్ళీ కొలిమికి వెళ్ళాల్సిందే.

పలచన చేయడం

ఇక్కడినుంచి ఉక్కు వేడెక్కకూడదు. బెల్ట్ గ్రైండర్ ఉంటే వట్టి చేత్తో పట్టుకుని, ప్రతిసారీ నీళ్ళ బకెట్లో ముంచుతూ పని చేయండి. చెయ్యి కాలుతోందంటే ఆగమని. అంచు దగ్గర 0.3 మి.మీ. వచ్చేదాకా దించాలి. ఇంట్లో చేసిన కత్తుల్లో ఎక్కువభాగం ఇక్కడే దెబ్బతింటాయి. పదును బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ దాని వెనక మందం వల్ల క్యారెట్ తరిగితే తెగడానికి బదులు టక్కుమని చీలుతుంది. కొన్నవాళ్ళకి కారణం తెలియదు, "ఏదో బరువుగా ఉంది" అనుకుని పాత కత్తికే వెళ్ళిపోతారు.

తర్వాత చదునైన చెక్కకి వాటర్ పేపర్ చుట్టి 120, 220, 400, 600 వరసలో రుద్దండి. ఒక్కో నంబరుకి దిశ మారిస్తే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. అద్దంలా మెరవక్కర్లేదు.

పిడి

ఎర్రచందనం ముక్క ఎక్కడో దొరికిందని ఎవరైనా ఇస్తే చేతులు జోడించి వెనక్కి ఇచ్చేయండి. కాగితాలు లేని ఎర్రచందనంతో చేసిన దానం కత్తి మిమ్మల్ని అటవీశాఖ ఆఫీసుకి తీసుకెళ్తుంది. పాత ఇళ్ళు పడగొట్టినచోట దొరికే టేకు ద్వారబంధాలు, జిట్రేగి మంచాల కోళ్ళు, నల్లతుమ్మ, చింత చేవ, ఇవన్నీ బాగా ఆరిన చెక్కలు. అమ్మేటప్పుడు వాటికి చెప్పుకోవడానికి ఒక కథ కూడా ఉంటుంది. మా మూడో విడతలో పడగొట్టిన బడి తలుపు చెక్కతో పిడులు చేశాం. ఆ బడిలో చదివినవాళ్ళు పోటీపడి పాడుకున్నారు.

చెక్క పచ్చిగా ఉంటే ఆరేకొద్దీ కుంచించుకుపోయి సందు వస్తుంది. పెద్దమ్మ కత్తికి జరిగింది అదే, వడ్రంగి దగ్గర అప్పుడే కోసిన ముక్క తెచ్చాను.

అంటించే ముందు చేయాల్సినవి: చెక్కల ముందు అంచులు, అంటే బ్లేడు వైపు ఉండేవి, పూర్తిగా నునుపు చేసి ముగించండి. అంటించాక అక్కడ రుద్దితే బ్లేడు మీద గీతలు పడతాయి. ఉక్కుని ముతక కాగితంతో గీకి, టేకులో నూనె ఉంటుంది కాబట్టి థిన్నరుతో తుడవండి. బ్లేడుకి టేపు చుట్టేయండి. అరాల్డైట్‌లో ఐదు నిమిషాల రకం వద్దు, నెమ్మదిగా గట్టిపడే మామూలుది వాడండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది, కొంచెం వదులుగా బిగించి 24 గంటలు ముట్టుకోకండి.

పిడిని చేతికి తగ్గట్టు గుండ్రం చేశాక అవిసె నూనె పలచగా పట్టించాలి. వంటకి వాడే పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది. పెయింట్ షాపుల్లో అమ్మే బాయిల్డ్ రకం త్వరగా ఆరుతుంది. ఈ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో వేశారంటే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. తీగ మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ళలో నానబెట్టండి.

పదును, పరీక్ష

వెయ్యి నంబరు సానరాయి మీద, ఒక్కోవైపు 15 డిగ్రీలు. మన 45 మి.మీ. బ్లేడుకి మొద్దు వైపు రాయి నుంచి సుమారు 12 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఒకవైపు రుద్దుతూ పోతే రెండోవైపు అంచున సన్నటి గరుకు తగులుతుంది. మొన నుంచి పిడి దాకా అది వచ్చాకే తిప్పండి. చివర్లో పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగండి.

1976లో మొదలైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీవాళ్ళు తమ పరీక్షలో అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెంపమంటారు, చెక్కదుంగ నరికాక అదే కత్తితో చేతి మీది వెంట్రుకలు గీయమంటారు, ఆఖర్న బ్లేడుని 90 డిగ్రీలు వంచుతారు. మన కత్తికి అంత పరీక్ష అక్కర్లేదు. బాగా పండిన టమాటా మీద కత్తిని దాని బరువుతోనే లాగితే తోలు తెగాలి. రెండు కిలోల ఉల్లిపాయలు తరిగాక కూడా తెగాలి. ఆ తర్వాత వంట రోజూ చేసే ఒకరికి వారం ఇచ్చి ఏమీ చెప్పకుండా చూడండి. నేను మా అమ్మకిస్తాను. "పిడి చివర గుచ్చుకుంటోందిరా" అన్న ఒక్క మాటతో ఆరు పిడులూ మళ్ళీ రుద్దాను. అమ్మ మొహమాటపడదు, అందుకే ఆమెకివ్వడం.

వేలం

అమెరికాలో హాబీగా కత్తులు చేసేవాళ్ళు టికెట్లు అమ్మి డ్రా తీయడం మామూలే. ఇక్కడ అలా చేయకండి. 1998 లాటరీల చట్టం కింద లాటరీ నడిపే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. మంచి పని కోసమైనా వందేసి రూపాయల టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీస్తే చిక్కుల్లో పడతారు. వేలం పాట హాయి. గుళ్ళో లడ్డూ పాట విన్న జనానికి నియమాలు వివరించనక్కర్లేదు.

నేను చేసే పద్ధతి: ప్రతి కత్తికీ నంబరు, ఫొటోలు పగటి వెలుతురులో, పక్కన ఉల్లిపాయో బెండకాయలో పెట్టి. కత్తిని ఝళిపిస్తూ ఫొటోలు వద్దు, చూసినవాళ్ళకి వంట గుర్తుకు రావాలి. లోపం ఉంటే అదీ ఫొటో తీసి పెడతాను. వాట్సాప్ గ్రూపులో శనివారం పొద్దున మొదలు, ఆదివారం రాత్రి 9కి ముగింపు. ఆఖరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో పది నిమిషాలు పెరుగుతుంది. గెలిచినవాళ్ళు సంస్థ ఖాతాకి పంపి, సంస్థ నుంచి "అందింది" అన్న మాట వచ్చాకే కత్తి కదులుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి ఇవ్వను.

విరాళానికి ఆదాయపు పన్నులో ఇచ్చే రాయితీ, అందరూ 80జీ అనేది, వస్తుందని ఆశపెట్టకండి. బదులుగా వస్తువు తీసుకున్నప్పుడు అది విరాళం కాదు, కొనుగోలు. కత్తి వద్దు, డబ్బు మాత్రం ఇస్తామన్నవాళ్ళు సంస్థకి 80జీ ఉంటే రసీదు తీసుకోవచ్చు. రెండు వేలు మించి నగదుగా ఇస్తే ఆ రాయితీ రాదు. గ్రూపులో డాలస్ మేనల్లుడో మెల్‌బోర్న్ స్నేహితురాలో తప్పకుండా ఉంటారు. వాళ్ళు ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటే మామూలుగా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళం కిందకి రావొచ్చు, సంస్థకి విదేశీ డబ్బు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకపోతే తీసుకోకూడదు. పాటకి ముందే అడిగి తెలుసుకోండి, గెలిచాక వద్దనడం బాగుండదు. విమానంలో పట్టుకెళ్తే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టమనండి.

కొరియర్‌కి ఇస్తే ముందే లోపల ఏముందో చెప్పి అడగండి, కొందరు తీసుకోరు. మందపాటి అట్టతో ఒర చేసి, మొన దగ్గర రెండు మడతలు పెట్టి, టేపు చుట్టి, గట్టి డబ్బాలో కదలకుండా బిగించాలి. వీలైతే చేతికే అందించండి. చేతికి చెయ్యి కత్తి ఇవ్వకూడదనే పట్టింపు ఉన్నవాళ్ళుంటారు, బల్ల మీద పెడితే వాళ్ళే తీసుకుంటారు.

డబ్బాలో పెట్టాల్సిన చీటీ

ఇది మర్చిపోతే ఇన్ని గంటల పనీ అటక ఎక్కుతుంది. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, అరపేజీ మించకుండా రాయండి. ఇది కార్బన్ ఉక్కు, స్టీలు గిన్నెల్లా వదిలేస్తే తుప్పు పడుతుంది. తరిగిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవండి. నిమ్మకాయ, మామిడికాయ కోస్తే బ్లేడు నీలంగా, బూడిదరంగుగా మారుతుంది, అది తుప్పు కాదు, తోమి పోగొట్టొద్దు. నాలుగు రోజులు వాడకపోతే చుక్క నూనె రాయండి. గ్రానైట్ గట్టు మీద కోయకండి, చెక్క బోర్డు వాడండి. మన ఇళ్ళలో నేరుగా గట్టు మీదే తరిగే అలవాటు ఎక్కువ, రెండు రోజుల్లో పదును చస్తుంది. ఆవకాయ ముక్కలు కొట్టడానికి, ఎముకలకి ఇది పనికిరాదు.

చివర్లో ఏడాదికోసారి ఉచితంగా సాన పట్టి ఇస్తానని రాసి, ఫోన్ నంబరు ఇవ్వండి. వేలం ముగిసిన వారంలోగా ఏ కత్తికి ఎంత వచ్చింది, మొత్తం ఎంత, సంస్థ ఇచ్చిన రసీదు, బెంచీల ఫొటో, అన్నీ గ్రూపులో పెట్టేయండి.

మొన్న నాలుగో నంబరు కత్తి సానకి వచ్చింది. మొద్దు వైపు రెండు సొట్టలు, పిడి దగ్గర పిన్ను కొంచెం కదిలింది. ఏం చేశారని అడిగితే, ఆవిడ కాసేపు తటపటాయించి, "కొబ్బరికాయ కొట్టానండీ, వెనకవైపుతోనే" అన్నారు. పిన్ను బిగించి, సాన పట్టి పంపాను. చీటీలో కొబ్బరికాయ సంగతి అప్పట్లో రాయలేదు. ఈసారి వేలానికి అచ్చు వేయించినదాంట్లో మొదటి వాక్యం అదే.